బోరు పాయింటు దగ్గర లేచి నిలబడే కొబ్బరికాయ: మూఢనమ్మకమా, ఇంకా అర్థం కాని సంగతా?

మెట్టపొలం (ప్రశ్న):

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఉన్న ఒక మెట్ట గ్రామం. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా నాయన ఆరెకరాల చీనీ తోటను నమ్ముకుని ఇల్లు నడిపిన రైతు. ఇప్పటివరకు మా పొలంలో ఐదు బోర్లు వేశాము. రెండింటిలో జల పడింది, వాటిలో ఒకటి మూడో వేసవికే ఎండిపోయింది. మిగిలిన మూడింటిలో రాతిపొడి తప్ప మరేమీ పైకి రాలేదు. ఐదింటికీ పాయింటు పెట్టినది ఒకే పెద్దాయన. ఆయన అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పడుకోబెట్టుకుని పొలమంతా నిదానంగా నడుస్తారు. అడుగున నీళ్లున్న చోటికి రాగానే ఆ కాయ లేచి నిలబడుతుందని అంటారు. కాయ లేవడాన్ని చిన్నప్పటి నుంచి నా కళ్లతో చూస్తున్నాను కనుక, అదంతా కట్టుకథ అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

వచ్చే నెలలో ఆరో బోరు వేయాలని అనుకున్నాము. అప్పు తెచ్చి వేస్తున్న బోరు కాబట్టి ఈసారి భూగర్భజల సర్వే చేయిద్దామని నేను అన్నాను. మా అన్న అందుకు అడ్డు చెప్పలేదు గాని, ఒక మాట అడిగాడు: "శాస్త్రానికి ఇంకా అందనంత మాత్రాన లేదనడం ఎట్లా? రెండు వందల ఏళ్ల కిందట ఎవరైనా రేడియో తరంగాల గురించి చెప్పి ఉంటే నువ్వు దాన్నీ మూఢనమ్మకమనే అనేవాడివి కదా?" నా దగ్గర జవాబు లేకపోయింది. తరగతిలో పిల్లలు కూడా గ్రహణం గురించి, దిష్టి గురించి ఇదే మాట వేరే విధంగా అడుగుతూనే ఉంటారు.

నన్ను వేధిస్తున్నది ఇది. మూఢనమ్మకానికీ కారణం తెలియదు, ఇంకా అర్థం కాని నిజానికీ కారణం తెలియదు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకే చీకటిలో ఉన్నట్టు కనిపిస్తాయి. అటువంటప్పుడు కాలం గడిచి ఎవరో తేల్చేదాకా ఆగకుండా, ఇవాళ, ఈ పొలంలో, రిగ్గు రాకముందే ఈ రెండింటినీ వేరు చేయగల గుర్తు ఏదైనా ఉందా? మా నాయన మనసు నొప్పించకుండా చెప్పగలిగేదైతే మరీ మంచిది. ఆ పెద్దాయన మాకు పరాయివారు కారు; పాయింటు పెట్టినందుకు తాంబూలంలో పెట్టినది తప్ప ఎన్నడూ ఇంత ఇవ్వమని అడిగిన మనిషి కారు.

నాపరాయి (జవాబు):

నేను మూడు దశాబ్దాలకు పైగా రాయలసీమలో భూగర్భజలాల సర్వే పనిలో ఉండి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీ పెద్దాయన వంటివారు నేను పనిచేసిన ప్రతి మండలంలోనూ ఉన్నారు. వారిలో మోసగాళ్లను చాలా తక్కువగా చూశాను. తమ చేతి మీద తమకు నిజమైన నమ్మకం ఉన్నవారే ఎక్కువ. అందుచేత మీ ప్రశ్నకు ఆ మనిషి నిజాయితీని పక్కన పెట్టి జవాబు వెతకాలి.

కారణం తెలుసా తెలియదా అన్నదగ్గర మీరు మొదలుపెట్టారు. దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: జరుగుతుందని చెప్పే సంగతి నిజంగా జరుగుతోందా? ఇక్కడ చెప్పే సంగతి కాయ లేవడం కాదని గమనించండి. కాయ లేస్తుంది, ఆ మాట నిజమే. నీళ్లున్న చోట లేస్తుందనీ, లేని చోట లేవదనీ అనడమే అసలు వాదన. ఆ రెండో సగాన్ని మన ఊళ్లలో ఎవరూ పరీక్షించరు, ఎందుకంటే కాయ లేవని చోట ఎవరూ బోరు వేయరు. అక్కడ వేస్తే నీళ్లు పడేవా కావా అన్నది ఎప్పటికీ తెలియకుండా ఉండిపోతుంది.

కాయ లేవడానికి నీళ్లు అవసరం లేదని చూపించవచ్చు. ఫ్రాన్సులో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త, దారానికి వేలాడదీసిన బరువు కొన్ని పదార్థాల మీద ఊగుతుందన్న నమ్మకాన్ని తన చేతి మీదనే పరీక్షించుకుని, ఆ సంగతి 1833లో ప్రకటించాడు. పాదరసం మీద పట్టుకుంటే అది నిజంగానే ఊగింది. కళ్లకు గంతలు కట్టుకుని, కింద ఉన్న పాదరసానికి తనకు తెలియకుండా గాజుపలక అడ్డం పెట్టించినప్పుడు ఆ తేడా కనిపించలేదు. ఊగుతుందని ఎదురుచూసే మనసు, మనకు తెలియకుండానే చేతి కండరాలను కదిలిస్తుందని ఆయన తేల్చాడు. అరచేతిలో కొబ్బరికాయ అంతకన్నా సులువుగా కదులుతుంది. అడుగు గుండ్రంగా ఉన్న కాయకు అరచెయ్యి వెంట్రుకవాసి ఒంగినా చాలు. పట్టుకున్నవారికి తాము ఒంచినట్టు తెలియదు. అందుకే వారు ప్రమాణం చేసి చెప్పగలుగుతారు.

నీళ్ల సంగతి జర్మనీలోని కాసెల్‌లో 1990లో పరీక్షించారు. చదునైన నేలలో అర మీటరు లోతున ప్లాస్టిక్ గొట్టం పూడ్చి, అది ఎక్కడ ఉన్నదో పైన గుర్తు కూడా పెట్టారు. ఇప్పుడు ఆ గొట్టంలో నీళ్లు పారుతున్నాయా లేదా అన్నది మాత్రమే చెప్పాలి. నీళ్లు చూసేవారు 30 మంది దాకా వచ్చారు. పరీక్ష న్యాయంగానే ఉందని ముందుగా ఒప్పుకున్నారు, తాము తప్పకుండా నెగ్గుతామని కూడా నమ్మారు. ఫలితం నాణెం ఎగరవేసి చెప్పినదానికన్నా మెరుగ్గా రాలేదు.

మరి మీ పొలంలో రెండు బోర్లలో నీళ్లు ఎందుకు పడ్డాయి? మన నేల అడుగున ఎక్కువగా గ్రానైటు, నైసు రాళ్లు. ఈ రాతిలో నీరు ఏరులాగా పారదు. పైన మెత్తబడి శిథిలమైన పొరలోనూ, దాని కింద బండలోని పగుళ్లలోనూ నిలుస్తుంది. రిగ్గువాళ్లు 'గ్యాపు తగిలింది' అనేది ఆ పగులునే. ఇటువంటి నేలలో కళ్లు మూసుకుని పాయింటు పెట్టినా కొన్ని బోర్లలో జల పడి తీరుతుంది, కొన్నింటిలో పడదు. ఐదుకు రెండు అన్నది గొప్పా, మామూలా అన్నది మీ చుట్టుపక్కల ఎవరి సలహా లేకుండా, కరెంటు స్తంభం దగ్గరగా ఉందనో గట్టు పక్కన ఉందనో వేసిన బోర్లలో ఎన్నింటికి నీళ్లు పడ్డాయో లెక్క తీస్తేనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. పెద్దాయనకు తెలిసినదంతా కొబ్బరికాయలో లేదు. పుట్టలు ఎక్కడున్నాయి, ఏ చెట్టు నడివేసవిలో కూడా పచ్చగా ఉంది, వాలు ఎటు తిరిగింది అని ఆయన కన్ను నడుస్తూ నడుస్తూనే చూస్తుంది. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో రాసిన బృహత్సంహితలో దకార్గళం అనే అధ్యాయమే ఉంది. చెట్లను, పుట్టలను, మట్టి రంగును బట్టి నీటి జాడ కనిపెట్టడం గురించి అందులో చెప్పాడు. లోతుగా వేళ్లు పోయే కొన్ని చెట్లు తక్కువ లోతులో నీళ్లున్న చోట బాగా పెరగడం మాకూ తెలిసిన సంగతే. దకార్గళంలోని ప్రతి గుర్తూ నిజమని నేను అనను, కాని వాటిలో ఒక్కొక్కదాన్నీ పొలానికి వెళ్లి సరిచూడవచ్చు. అవి ఇంకా తేలవలసిన విషయాల కోవలోకి వస్తాయి. ఒకే మనిషి తలలో ఆ రెండు రకాలూ కలిసే ఉండటం వల్లనే మనకు ఇంత తికమక కలుగుతోంది.

గాలిపటం (జవాబు):

నాపరాయి గారు చెప్పినదానిలో చాలా భాగాన్ని ఒప్పుకుంటాను, కాని మెట్టపొలం గారి అన్నగారి పక్షాన కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. ఆకాశం నుంచి రాళ్లు పడతాయని ఫ్రాన్సులో పల్లెవాసులు చెబుతుంటే పండితులు చాలాకాలం నమ్మలేదు. 1768లో ల్యూసే అనే ఊళ్లో పడిన రాయిని పరిశీలించిన వారిలో లావోయిజేనే ఉన్నాడు. అది ఆకాశం నుంచి పడినది కాదనీ, నేలమీది రాయికే పిడుగు తగిలి ఉంటుందనీ ఆ పండితులు తేల్చారు. ఆధునిక రసాయన శాస్త్రానికి పునాది వేసిన మనిషి ఒకవైపు, పొలంలో నిలబడి చూసిన రైతు మరోవైపు ఉన్నారు. చివరికి రైతు మాటే నిలిచింది.

నీళ్లు చూసేవారి విషయంలోనూ అన్ని పరీక్షలూ ఒకే మాట చెప్పలేదు. 1987, 1988 సంవత్సరాల్లో మ్యూనిక్ దగ్గర ఒక పెద్ద కొట్టంలో, కింది అంతస్తులో నీటి గొట్టాన్ని అటూ ఇటూ జరుపుతూ, పై అంతస్తులో నడిచేవారిని అది ఎక్కడుందో చెప్పమన్నారు. వందలాది మందిలో నుంచి ఏరిన 43 మందితో 843 సార్లు జరిపిన ఆ ప్రయోగం తరువాత, వారిలో కొద్దిమందికి మాత్రం నిజమైన నేర్పు ఉందని ఆ శాస్త్రవేత్తలే ప్రకటించారు. ఆ కొద్దిమందిలో మన పెద్దాయన వంటివారు ఎందుకు ఉండకూడదు? కాసెల్‌లో అర మీటరు లోతున గొట్టంలో పారే నీళ్లూ, మూడు వందల అడుగుల లోతున రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లూ ఒకటేనని ఎవరు చెప్పగలరు? ఒక పరీక్షలో ఓడిపోయినంత మాత్రాన తలుపు మూసేయకూడదన్నదే నా మనవి.

జీడితోట (జవాబు):

నేను వైద్యురాలిని. కొన్నేళ్లు శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో పనిచేశాను. 'ఇంకా అర్థం కానిది' అన్న మాట వినగానే నాకు అక్కడి మనుషుల ముఖాలే గుర్తుకొస్తాయి కనుక ఈ చర్చలోకి వచ్చాను.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఊళ్లలో ఎందరికో మూత్రపిండాలు పాడవుతున్నాయి. మామూలుగా ఈ జబ్బుకు దారితీసే మధుమేహం గాని, చాలాకాలంగా ముదిరిన రక్తపోటు గాని వారిలో చాలామందికి ఉండవు. తొలిదశలో ఏ బాధా తెలియదు. ఒంట్లో నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయించుకునేసరికి, మూత్రపిండాలు బయటికి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగిపోయి ఉంటుంది. నీటిలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, భారలోహాలన్నారు, ఎండలో పనిచేసి ఒళ్లు ఎండిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యమన్నారు. ఏ ఒక్కటీ ఇదే కారణమని తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలోని చెరకు కూలీలలోనూ దీనిని పోలిన జబ్బే ఉంది. అక్కడా తుది మాట రాలేదు.

గాలిపటం గారూ, అర్థం కానిది అంటే నా దృష్టిలో ఇలా ఉంటుంది. కారణం గురించి ఎంత చీకటి ఉన్నా, జబ్బు ఉన్నదా లేదా అన్నదానిలో చీకటి లేదు. నమ్మేవాడు రక్తం తీసినా, నమ్మనివాడు తీసినా క్రియాటినిన్ అంతే వస్తుంది. రోగి పేరు తెలియని ప్రయోగశాలలో కూడా అంతే వస్తుంది. ఎంత జాగ్రత్తగా కొలిస్తే అంత స్పష్టంగా కనిపిస్తుంది. కొబ్బరికాయది సరిగ్గా దీనికి ఎదురు తీరు. పట్టించుకోకుండా చూసినంతసేపు బలంగా కనిపిస్తుంది, జాగ్రత్త పెంచేకొద్దీ పలచబడుతుంది, కళ్లకు గంతలు కట్టగానే మాయమవుతుంది. కారణం తెలియకపోవడం రెండింటికీ ఒకటే అని మెట్టపొలం గారు అన్నారు. నా అనుభవంలో అదీ నిజం కాదు. ఉద్దానంలో కారణం అడిగితే వైద్యులు ఇంకా తెలియదని ఒప్పుకుంటారు. నీళ్లు చూసే విద్యకు మాత్రం అయస్కాంత శక్తి అని, గంగమ్మ పిలుపు అని, నక్షత్రబలం అని కారణాలకు లోటే ఉండదు. అక్కడ లేనిదల్లా కొలిస్తే నిలబడే ఫలితమే.

మీ విద్యార్థులు గ్రహణం గురించి అడుగుతున్నారన్నారు కదా, వారికి ఈ ఉదాహరణ పనికొస్తుంది. పుట్టుకతోనే పెదవి చీలి ఉండటాన్ని మనం గ్రహణం మొర్రి అనే అంటాము. నమ్మకం పేరులోనే చేరిపోయింది. ఆ చీలిక ఎందుకు వస్తుందో వైద్యానికి ఇప్పటికీ పూర్తిగా తెలియదు. జన్యువుల పాత్ర ఉంది, గర్భిణి పొగతాగడం, మూర్ఛకు వాడే కొన్ని మందులు ముప్పును పెంచుతాయి, కాని ఒక ఫలానా బిడ్డకు ఎందుకు వచ్చిందని తల్లి అడిగితే తరచుగా మా దగ్గర జవాబు ఉండదు. ఇంకా అర్థం కాని భాగం అది. గ్రహణం వల్ల వచ్చిందనడం మాత్రం వేరు, ఎందుకంటే దాన్ని సరిచూడవచ్చు. గ్రహణం తేదీ పంచాంగంలోనే ఉంటుంది. బిడ్డ పై పెదవి గర్భం దాల్చిన తరువాత నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్యనే కలుసుకుంటుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణానికి భయపడి, ఆ తల్లి కడుపులో బిడ్డను పెట్టుకుని రోజంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా చీకటి గదిలో పడుకుంటే, అప్పటికి ఎన్నడో రూపుకట్టిన పెదవికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ ఆకలి, ఆ దాహం మాత్రం ఆ తల్లి నిజంగా పడిన బాధలు.

అర్థం కానిదాన్ని అడ్డం పెట్టుకుని నమ్మకాలు ఎలా దూరుతాయో కూడా చెప్పాలి. కారణం వైద్యులకే తెలియనప్పుడు నా వేరు మందు ఎందుకు పనిచేయకూడదని అడిగేవారు ఉద్దానం వంటి చోట్లకు తప్పకుండా వస్తారు. డాన్యూబ్ ఉపనదుల వెంట ఉన్న బాల్కన్ పల్లెల్లోనూ ఇటువంటి మూత్రపిండాల జబ్బే దశాబ్దాల పాటు అంతు చిక్కకుండా ఉండేది. గోధుమ పొలాల్లో కలుపుగా పెరిగే అరిస్టలోకియా అనే మొక్క గింజలు పిండిలో కలవడమే కారణమని ఈ శతాబ్దంలో బలమైన రుజువులతో తేలింది. ఆ దారి చూపినది 1990లలో బెల్జియంలో జరిగిన ఘోరం: బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికల్లో అదే జాతి మొక్క కలిసి, ఎందరో స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి. మన ఈశ్వరి వేరు కూడా ఆ జాతిదే. తెలియని జబ్బు ముందు ఏదైనా పనిచేయవచ్చు అనుకోవడం ఎంత ప్రమాదమో ఇంతకన్నా చెప్పలేను.

నాపరాయి (మళ్లీ జవాబు):

గాలిపటం గారు చెప్పిన మ్యూనిక్ ప్రయోగం గురించి తెలిసినవారు తక్కువ, దానిని ప్రస్తావించినందుకు సంతోషిస్తున్నాను. ఆ లెక్కలను తరువాత జిమ్ ఎన్‌రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త మళ్లీ మొదటి నుంచి చూశాడు. 43 మందిలో బాగా చెప్పిన కొద్దిమందిని ఫలితం వచ్చాక ఏరుకోవడంలోనే పొరపాటు ఉంది. అంతమంది గురి చూడకుండా రాళ్లు విసిరినా కొందరి రాళ్లు గురికి దగ్గరగా పడతాయి. ఒక వరుసలో గెలిచినవారు మరుసటి వరుసలో అదే గెలుపును నిలుపుకోలేకపోయారు. నేర్పు ఉంటే అది రేపు కూడా ఉండాలి.

ఉల్కల కథను మాత్రం మీరు సగంలో ఆపారు. 1794లో క్లాడ్నీ అనే జర్మన్ పండితుడు పాత సాక్ష్యాలన్నీ కూడగట్టి రాళ్లు ఆకాశం నుంచే పడుతున్నాయని రాశాడు, అందరూ ఒప్పుకోలేదు. 1803 ఏప్రిల్ 26న నార్మండీలోని లేగల్ ఊరి మీద దాదాపు 3000 రాళ్లు పడ్డాయి. బియో అనే యువ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి ఊరూరా తిరిగి, ఒకరినొకరు ఎరగని సాక్షులను విడివిడిగా అడిగి, రాళ్లు పడిన మేరకు పటం గీశాడు. ఆ రాళ్లు అంతకుముందు ఆ చుట్టుపక్కల ఎవరి ఇంటిలోనూ, ఏ గనిలోనూ కనిపించలేదని కూడా సరిచూశాడు. అప్పటికి వాటి పుట్టుక ఎవరికీ తెలియదు, చంద్రుడి అగ్నిపర్వతాల నుంచి వచ్చి ఉంటాయని అనుకున్నవారున్నారు. అయినా రాళ్లు పడటం నిజమని తేలిపోయింది. రైతు మాటను నిలబెట్టినది పండితుల దయాగుణం కాదు, బియో చేసిన లెక్క. పండితులు తప్పు చేసిన మాట నిజమే. వెళ్లి చూడకుండా తేల్చేశారు.

నా వృత్తికి దగ్గర ఉదాహరణ ఒకటి చెబుతాను. సింగరేణి బొగ్గు పొరల్లో గ్లాసోప్టెరిస్ అనే పురాతన వృక్షజాతి ఆకుల ముద్రలు దొరుకుతాయి. అవే ముద్రలు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, చివరికి అంటార్కిటికాలో కూడా ఉన్నాయి. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవని వేగనర్ 1912లో అన్నప్పుడు, వాటిని కదిలించిన శక్తి ఏదో ఆయన సరిగా చెప్పలేకపోయాడు, అందుకే చాలామంది తోసిపుచ్చారు. 1960లలో సముద్రగర్భం విస్తరిస్తున్న తీరు తెలిసేదాకా ఆ వాదన అనాథలాగానే ఉండిపోయింది. ఆ యాభై ఏళ్లలోనూ ఆకు ముద్ర మాత్రం రాతిలోనే ఉంది, ఎవరు సుత్తితో కొట్టినా అక్కడ కనిపించింది. కొబ్బరికాయకు అటువంటి ఆకు ముద్ర ఒక్కటి చూపించండి, కారణం కోసం నేను ఎన్నాళ్లయినా ఓపికపడతాను.

మెట్టపొలం గారూ, ఒక విషయం దాచకూడదు. నేలలోకి కరెంటు పంపి అడుగు పొరలను అంచనా వేసే మా విద్యుత్ నిరోధకత సర్వేలు కూడా తప్పుతాయి; నేను పెట్టిన పాయింట్లలో దుమ్ము లేచినవి ఉన్నాయి, ఆ రైతుల ఎదుట నిలబడిన రోజులు మరచిపోలేను. అయితే ఎంత లోతున ఏ పొర వస్తుందో, ఎక్కడ పగులు ఉండవచ్చునో రిగ్గు రాకముందే కాగితం మీద రాసిచ్చేవాడిని. తప్పినప్పుడు ఆ కాగితమే నన్ను తప్పు పట్టేది, తరువాతి సర్వేను దిద్దుకునేవాడిని. మీ పెద్దాయన చేత కూడా అలాగే ముందే చెప్పించండి. జల పడకపోతే 'గంగమ్మ పక్కకు తప్పుకుంది' అనో, 'మైల తగిలింది' అనో తరువాత చెప్పడానికి వీలు లేకుండా, ఏమి జరిగితే తన మాట తప్పినట్టో ఆయనే ముందుగా చెప్పాలి.

మెట్టపొలం:

అందరికీ కృతజ్ఞతలు. జీడితోట గారి మాటలను ఈ వారం తొమ్మిదో తరగతిలో చెప్పాను. గ్రహణం మొర్రి అన్న పేరు దగ్గర ఒక అమ్మాయి లేచి, తన తమ్ముడికి శస్త్రచికిత్స జరిగిందనీ, ఇంట్లో అందరూ ఇప్పటికీ అమ్మనే తప్పు పడతారనీ చెప్పింది. ఆ నాలుగో వారం, ఏడో వారం సంగతి కాగితం మీద రాసిమ్మని అడిగి తీసుకువెళ్లింది.

ఇంట్లో కూడా మాట్లాడాను. అన్నతో వాదించడం మానేసి, ఇద్దరమూ కలిసి రిగ్గు ఏజెంటు దగ్గర ఉన్న పాత పుస్తకాలు చూస్తున్నాము. మా చుట్టూ వేసిన బోర్ల లోతు, కేసింగు, నీళ్లు ఎన్ని అంగుళాలు పడ్డాయి అన్నవి అందులో ఉన్నాయి. పాయింటు ఎవరు పెట్టారన్నది లేదు కనుక ఇంటింటికీ వెళ్లి అడగవలసి వస్తోంది. ఆ పని నాకన్నా మా అన్నే పట్టుదలగా చేస్తున్నాడు. బోరును సర్వే చూపిన చోటనే వేయాలని మాత్రం ముగ్గురమూ ఒప్పుకున్నాము.

కళ్లకు గంతల సంగతి అడగడానికి నేను వెనకాడుతుంటే, నాయనే పెద్దాయన ఇంటికి వెళ్లి అడిగి వచ్చాడు. ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదట. తరువాత, తనకు కూడా ఎన్నాళ్లుగానో ఆ అనుమానం ఉందనీ, ఇంతవరకు ఎవరూ అడగలేదనీ అన్నారట. వచ్చే ఆదివారం ఉదయం వస్తానన్నారు. ముందు కళ్లు తెరిచి ఒకసారి నడిచి, కాయ లేచిన చోట్ల మేము గుర్తులు పెట్టుకున్నాక, గంతలు కట్టుకుని పదిసార్లు అదే చేను మీద నడుస్తారు. నాయన ఒకే షరతు పెట్టాడు: కాయ ఎక్కడ లేచినా, లేవకపోయినా, ఆ రోజు ఆయన మా ఇంట్లో భోజనం చేసే వెళ్లాలి.